వేళ్లు ఎరిగిన మణెమ్మ

మణెమ్మ ఇక లేదన్న వార్త నాకు నాగర్‌కర్నూల్ నుంచి తెలకపల్లి వచ్చే బస్సులో అందింది. ఫోన్ చేసింది రాళ్లచెల్క సర్పంచ్. "సారూ, మణెమ్మ తెల్లారుజామున పానం ఇడిసింది" అన్నాడు. ఆ మాట విని నిశ్చేష్టుడనయ్యానని రాయడం ఇలాంటి వ్యాసాల్లో ఆనవాయితీ. నిజం రాయాలంటే, నా నోటివెంట మొదట వచ్చిన మాట వేరు. "ఎల్లుండి పింఛన్ల దినం గదా, మిషిను ఎవరు తెరుస్తరు?" అన్నాను. పక్క సీటులోని పెద్దమనిషి తల తిప్పి నన్నొకసారి చూశాడు. కాసేపటికి నేనేమన్నానో నాకే తెలిసొచ్చి సిగ్గుపడ్డాను. దిగాల్సిన స్టేజీ దాటిపోయింది. తర్వాతి స్టేజీలో దిగి, ఎండలో వెనక్కి నడిచాను.

మండల మహిళా సమాఖ్యవారు ఆమె స్మృత్యర్థం ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్ను నాలుగు పేజీలు రాయమన్నారు. పంచాయతీ కార్యదర్శిగా నేను ఇన్నేళ్లూ రాసినవి తీర్మానాలు, నోటీసులు, సంజాయిషీలు. ఒక మనిషి గుణగణాలను కీర్తించే విద్య నాకు రాదు. పైగా మణెమ్మతో నా పరిచయం స్నేహంగా మొదలవలేదు, కోపంతో మొదలైంది. అది కూడా రాయవచ్చునా అని అడిగాను. రాయండి అన్నారు. కనుక రాస్తున్నాను.

రాళ్లచెల్క తెలకపల్లి మండలంలో తారు రోడ్డు అయిపోయాక ఇంకా కొంత దూరం నడిస్తే వచ్చే ఊరు. మణెమ్మ ఆ ఊరి కోడలు. పుట్టిల్లు మానవపాడు వైపు, కన్నడ సీమకు దగ్గర. అందుకే కోపం ముదిరినప్పుడు ఆమె నోట నాలుగు కన్నడ మాటలు దొర్లేవి. వాటి అర్థం మాకెవరికీ తెలియదు గాని, భావం మాత్రం బాగానే తెలిసేది. ఏడో తరగతి దాకా చదివింది. భర్త కుర్మయ్య చెలకలో పాము కరిచి చనిపోయేనాటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఒక్కగానొక్క కూతురిని కూలి చేసి పెంచి, వనపర్తి దగ్గర ఇచ్చి పెళ్లి చేసింది. మహిళా సంఘానికి లీడరు. వితంతు పింఛను తీసుకునేది. చివరి మూడేళ్లు ఆ ఊరి పింఛన్లన్నీ ఆమె చేతులమీదుగానే అందాయి. నలభై రెండేళ్ల వయసులో పచ్చకామెర్లు ఆమెను పది రోజుల్లో తీసుకుపోయాయి.

ఆమె సంగతి చెప్పాలంటే అంతకుముందు సాగిన నా రాజ్యం గురించి చెప్పక తప్పదు. నెలకోసారి పంచాయతీ ఆఫీసు వరండాలో నా కుర్చీ, దాని ముందు బల్ల, బల్లమీద రిజిస్టరు, ఊదారంగు సిరా ప్యాడ్. పొద్దున పదింటికి పింఛన్లిస్తారని ముందురోజు చాటింపు వేయించేవాణ్ణి. నేను పదకొండుకో పన్నెండుకో వచ్చేవాణ్ణి. ఒక్కోసారి మండలాఫీసులో మీటింగు పడితే అసలే వచ్చేవాణ్ణి కాదు. ముసలివాళ్లు గోడ నీడ జరిగినకొద్దీ తామూ జరుగుతూ, పొద్దుగూకేదాకా కూర్చొని, ఇళ్లకు పోయి, మర్నాడు మళ్లీ వచ్చేవారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా సీతాఫలాల కాలంలో గంపెడు పండ్లు తెచ్చి నా బల్ల కింద పెట్టేవారు. నేను ఎవరి దగ్గరా లంచం ముట్టలేదు. ఆ గర్వంలో పడి, వాళ్ల రోజులు రోజులే తినేస్తున్న సంగతి నాకు తట్టలేదు.

ఆ ఊళ్లో ఒక పట్టింపు ఉంది. ప్రభుత్వం నుంచి వచ్చే పైసను లక్ష్మి అంటారు. ఆ లక్ష్మి వ్యవహారంలో ఎడమచెయ్యి ముందుకు రాకూడదు. రిజిస్టరు నిబంధన ప్రకారం ఎడమ బొటనవేలి ముద్రే తీసుకోవాలి. కాని రాళ్లచెల్కలో ఏ ముసలమ్మా ఎడమచెయ్యి చాచదు, నేనూ అడగలేదు. కుడి బొటనవేలే అద్దించి, పక్కన ఎ.బొ.ము. అని రాసుకునేవాణ్ణి. సిరాకు ఏ వేలైనా ఒకటే. అరిగిన వేలైనా, అరగని వేలైనా కాగితం మీద ఒక ఊదారంగు మచ్చ పడేది, దాంతో పని జరిగిపోయేది.

తర్వాత కొత్త పద్ధతి వచ్చింది. ఇకమీద కార్యదర్శి పింఛన్లు పంచనక్కరలేదనీ, ప్రతివారికీ ఒక కార్డు ఇస్తారనీ, బస్సు కండక్టరు టికెట్లు కొట్టే దానికంటే కాస్త పెద్ద మిషన్ ఒకటి ఊరికి వస్తుందనీ, దానిమీద వేలు పెడితే మనిషిని గుర్తుపట్టి పైసలిమ్మని చీటీ ఇస్తుందనీ మీటింగులో చెప్పారు. మిషన్ నడపడానికి ఊళ్లోని సంఘం మహిళను ఒకరిని ఎంచుకోమన్నారు. సంఘం మణెమ్మను ఎంచుకుంది. నా కుర్చీ వరండా నుంచి గదిలోకి పోయింది. పని తగ్గినందుకు సంతోషించాల్సింది పోయి, నా మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది. ఏడో తరగతి చదివిన మనిషి నా బల్లను లాక్కుందన్న అక్కసు అది. రెండు నెలలపాటు ఆమె పింఛన్లు పంచే సంఘం గది వైపు నేను తొంగి చూడలేదు.

మిషన్ రావడానికి ముందు వేళ్ల ముద్రలు సేకరించే కార్యక్రమం బడిలో రెండు రోజులు జరిగింది. పట్నం నుంచి కంప్యూటర్ పట్టుకొని ఇద్దరు మనుషులు వచ్చారు. ఒక్కొక్కరివి నాలుగు వేళ్లు చాలు, ఏ చెయ్యయినా సరే అన్నారు. జనాన్ని వరసలో నిలబెట్టే బాధ్యత నాది. ఒకరిద్దరు భయంతో ఎడమచెయ్యి ముందుకు పెట్టారు. నేను పెద్దమనిషి తరహాగా, "లక్ష్మి పని గదా, ఎడమచెయ్యేంది? కుడిచెయ్యి పెట్టుండ్రి" అని గద్దించి, వాళ్ల ఎడమచేతులు తీయించాను. ఇక చెప్పేదేముంది. ఊరు ఊరంతా కుడిచేతి నాలుగు వేళ్లు ఇచ్చి, నిక్షేపంగా ఇళ్లకు పోయింది.

మిషన్ సిరా లాంటిది కాదు. దానికి వేలిమీది గీతలు కావాలి. కొడవలి పట్టింది కుడిచెయ్యి. కలుపు తీసింది, పల్లికాయ పీకింది, ఇల్లు అలికింది కుడిచెయ్యి. అరవై డెబ్భై ఏళ్లు పనిచేసిన కుడిచేతి వేళ్లమీద గీతలు ఎక్కడుంటాయి? మొదటి పింఛన్ల దినం సంఘం గది ముందు పెద్ద గలభా జరిగింది. చాలామంది వేలు పెట్టారు, మిషన్ కాదంది. మళ్లీ పెట్టారు, మళ్లీ కాదంది. నేను పంచాయతీ ఆఫీసులో కూర్చునే ఆ కేకలు విన్నాను. అందరూ మణెమ్మనే తిట్టారు. "సారు ఉన్నన్ని దినాలు మంచిగుండె, నువ్వొచ్చినవ్, మా నోట్లె మట్టి గొట్టినవ్" అన్నారు. ఆ మాట నాకు వినసొంపుగా ఉన్నదని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సంకోచం లేదు.

ఆమె ఏడవలేదు, మిషన్‌ను విసిరికొట్టలేదు. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కొక్కరి చెయ్యి తన చేతిలోకి తీసుకొని, వెలుతురుకు పట్టి, వేలు వేలూ చూసింది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కొబ్బరినూనె రాయించి, తడి తుడిపించి మళ్లీ చూసింది. పింఛన్ల దినానికి మూడు రోజుల ముందు నుంచి పల్లికాయ పీకొద్దని ముసలివాళ్లకు ఆజ్ఞ వేసింది. కొడవలి పిడి మీద ఉంగరపు వేలి భారం తక్కువ గనక చాలామందికి ఆ వేలిమీద గీతలు మిగిలి ఉంటాయని ఆమెకై ఆమె కనిపెట్టింది. బాలమ్మది ఉంగరపు వేలు, మాసన్నది నడిమి వేలు, చాకలి నర్సమ్మది చూపుడు వేలు, అదీ కొంచెం పక్కకు వంచితే. ఇవేవీ కాగితం మీద రాసుకోలేదు. మనిషి గడప తొక్కుతుండగానే ఏ వేలు పెట్టాలో చెప్పేది. "మిషినికి కండ్లు లేవు సారూ, దానికి మనమే చూపియ్యాలె" అని తర్వాత నాతో అన్నది. ఆ మాట ఆమె తరచూ అనేది.

మాసన్న సంగతి ఒకటి చెప్పాలి. ఆయన నడుము విరిగి మంచాన పడ్డాడు. నా హయాంలో ఆయన పింఛను ఆయన తమ్ముడు తీసుకుపోయేవాడు. ఆయనకు ఎంత చేరేదో నేను అడగలేదు. మణెమ్మ మిషన్‌ను తువ్వాలలో చుట్టుకొని ఆయన మంచం దగ్గరికే పోయింది. ఒకసారి తనిఖీ పేరుతో నేనూ వెంట వెళ్లాను. మాసన్న వేలు ఇవ్వడు. ముందు అంగీ తొడగమన్నాడు, తర్వాత తలకు రుమాలు కట్టమన్నాడు. "సర్కారు మన ఇంటికొచ్చింది, గిట్ల ఉట్టి పెయ్యితోని కూసుంటమా?" అన్నాడు. అంగీ దొరకడానికి అరగంట పట్టింది. నేను గడియారం చూసుకుంటున్నాను. మణెమ్మ గోడకు ఆనుకొని కూర్చొని, "నిమ్మలంగ తొడుక్కో మామా, నేనేడికి పోత" అన్నది. ఆ నిదానం నాకు ఏనాడూ అబ్బలేదు.

ఆమెలో అన్నీ సుగుణాలే అని రాస్తే ఊరు నవ్వుతుంది. నోరు పెద్దది. వరస తప్పించి ముందుకు వచ్చినవారు సర్పంచ్ మేనత్త అయినా సరే, వెనక్కి పంపి నిలబెట్టేది. చెప్పిన మాట వినకుండా పల్లికాయ పీకి వచ్చినవాళ్లను అందరి ముందరా కడిగేసేది. మొండితనానికి మందు లేదంటారు, ఆమెకు అసలే లేదు. ఆ మొండితనంతోనే ఈదమ్మ విషయంలో నాతో పోట్లాడింది.

ఈదమ్మకు డెబ్భై దాటాయి. ముందూ వెనకా ఎవరూ లేరు. ఊళ్లోవాళ్ల గోడలకు ఎర్రమన్ను పూసి, ఇండ్లు అలికి బతికిన మనిషి. నలభై ఏళ్లు మట్టిని కుడిచేత్తో రుద్దితే ఆ వేళ్లు ఎలా ఉంటాయో నేను చూశాను. ఏట్లో దొరికే గులకరాళ్లంత నున్నగా ఉన్నాయి. మణెమ్మ ఎన్ని నూనెలు రాసినా, ఎన్ని నీళ్లలో నానబెట్టినా ఆమె ఇచ్చిన నాలుగు వేళ్లలో ఒక్కదాన్ని కూడా మిషన్ ఒప్పుకోలేదు. ఒక నెల పోయింది, రెండో నెల పోయింది. నిబంధన ఏమిటంటే, వరసగా మూడు నెలలు పింఛను తీసుకోనివారు చనిపోయారనో వలస పోయారనో భావించి పేరు తొలగించాలి. ఆ తొలగింపు జాబితా రాసేది నేనే. ఒకసారి పేరు పోతే మళ్లీ ఎక్కించడం దేవుడి తరం కూడా కాదు. ఈదమ్మకు ఆ పింఛనే అన్నం.

నేను మొదటిసారి సంఘం గదికి వెళ్లింది అప్పుడే. నాకో ఉపాయం తోచింది. దాన్ని దయ అనే అనుకున్నాను. "సవరణలకు పట్నం నుంచి నాగర్‌కర్నూల్‌కు మనిషి వస్తుండు. ఎవ్వరు ఎవరో ఆయనకేం ఎర్క? ఈదమ్మ కార్డుకు నీ వేలు పెట్టు. నెలనెలా నువ్వే తీసి ఆమె చేతికియ్యి. కథ అయిపోతది" అన్నాను.

మణెమ్మ చేతిలోని మిషన్ కింద పెట్టింది. "నా వేలు పెడితే ఈదమ్మ సచ్చినంక గూడ ఈదమ్మ బతికే ఉంటది సారూ" అన్నది. "నేను దినను, సరే. నా ఎనకొచ్చేది దినదని నువ్వు రాసిస్తవా?"

నాకు కోపం వచ్చింది. ముసలిది పస్తులుంటుంటే నీకు నీతులు గుర్తొచ్చాయా అని అన్నాను. బయట నిలబడ్డవాళ్లూ నన్నే సమర్థించారు. ఆమె మనసు రాయి అన్నారు. ఆమె ఆ సాయంత్రం నుంచి ఈదమ్మను తన ఇంట్లోనే పెట్టుకొని అన్నం పెట్టింది. ఆ విషయం నాకు నెల తర్వాత తెలిసింది.

ఈదమ్మ ఎడమచేతి వేళ్లమీద గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ చెయ్యి మట్టి ముట్టలేదు. నాగర్‌కర్నూల్‌కు పోయి ఎడమచేతి వేళ్లు కొత్తగా ఎక్కిస్తే పనవుతుంది. కాని ఈదమ్మ ససేమిరా అన్నది. సంఘం గదిలో జరిగిన ఆ సంభాషణ నేను చెవులారా విన్నాను.

"ఎడమచెయ్యితోని లక్ష్మిని దీస్కుంటరా ఎవరన్న? సచ్చేముందల నాకెందుకే ఆ పాపం?" అన్నది ఈదమ్మ.

"బిడ్డను సంకనేసుకున్నది ఎడమచెయ్యే గద పెద్దమ్మా. అది పాపపు చెయ్యెట్లైతది?" అన్నది మణెమ్మ.

"బిడ్డ వేరు, లక్ష్మి వేరు."

ఆ వాదన అక్కడితో వీగిపోయింది. మణెమ్మ కాసేపు కన్నడంలో గొణిగింది. రెండు రోజులు ఆలోచించి మళ్లీ ఆ మాట ఎత్తింది. "జర నా మాట ఇను పెద్దమ్మా. మిషినికి ఎడమచెయ్యి చూపియ్యి. పైసలు కుడిచెయ్యితోని దీస్కో. మిషిని లక్ష్మి గాదు, లక్ష్మి ఇంటి ముందరి తలుపు. తలుపు ఏ చెయ్యితోని తీస్తే ఏంది?" అన్నది. ఈదమ్మ ఆలోచించింది. "తలుపైతే సరే తియ్" అన్నది. పెద్ద పెద్ద అధికారులు శిక్షణా తరగతుల్లో చెప్పలేకపోయిన విషయం ఆమె అలా తేల్చింది.

మూడో నెల పింఛన్ల దినానికి నాలుగు రోజులుండగా ముగ్గురం నాగర్‌కర్నూల్ వెళ్లాం. కార్యదర్శి సంతకం కావాలి గనక నేనూ పోవాల్సి వచ్చింది. మొదటిరోజు మనిషి లేడన్నారు. రెండోరోజు కరెంటు లేదన్నారు. ఈదమ్మ ఆ మెట్లమీదే కొంగు పరుచుకొని పడుకుంది. మూడోరోజు లోపలికి పిలిచారు. అక్కడున్న ఉద్యోగి కాగితాలు తిరగేసి, "ఊరంతా కుడిచేతి వేళ్లే ఇచ్చారేమిటి? అలా ఇమ్మని ఎవరు చెప్పారు?" అని అడిగాడు. నేను ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. చేతిలోని ఫైలు తాళ్లు ముడివేయసాగాను.

"ఎవ్వరు చెప్పలే సార్. మా ఊరి అలవాటు గట్లనే ఉంటది" అన్నది మణెమ్మ.

ఆయన తల ఊపి సంతకం పెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రెండు రోజుల బడి కార్యక్రమంలో మణెమ్మ లేదు, అప్పుడు కూతురి కాన్పుకు వనపర్తి వెళ్లింది. కాబట్టి నేను గద్దించిన సంగతి ఆమెకు తెలియదని నమ్మాను. ముసలివాళ్లు మరిచిపోయి ఉంటారనీ నమ్మాను. నమ్మకం మనిషికి చాలా సౌకర్యమైనది. బస్సులో తిరిగి వస్తుంటే ఆమెకు నిజం చెప్పాలనిపించింది. ఊరు వచ్చేదాకా అనిపిస్తూనే ఉంది. చెప్పలేదు.

ఆ నెల ఈదమ్మ ఎడమచేతి చూపుడువేలు మిషన్‌మీద పెట్టగానే, ఒక్క క్షణమైనా ఆలోచించకుండా, అది చీటీ కక్కింది. ఈదమ్మ ఎడమచేతిని వెంటనే కొంగులో దాచేసి, కుడిచెయ్యి చాచింది. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మణెమ్మ కళ్లు తుడుచుకుంది. నేను రాసి పెట్టుకున్న తొలగింపు జాబితాలోంచి ఈదమ్మ పేరు కొట్టేశాను. ఆ తర్వాత ఏడాదిలో మణెమ్మ ఊరందరినీ విడతలు విడతలుగా తీసుకుపోయి ఎడమచేతి వేళ్లు కూడా ఎక్కించింది. ఆమెను తిట్టిన నోళ్లు ఎప్పుడు మెత్తబడ్డాయో చెప్పలేను. నేను మాత్రం ప్రతి పింఛన్ల దినం ఏదో పని కల్పించుకొని ఆ గదికి పోవడం మొదలుపెట్టాను. "సారూ, చాయ్ దాగుతవా?" అని అడిగేది. ఆమె చేసే చాయ్‌లో చక్కెర పాకంలా ఉండేది. వద్దని ఒక్కసారీ అనలేదు.

చనిపోవడానికి ముందురోజు నాగర్‌కర్నూల్ దవాఖానలో చూశాను. ముఖం, కళ్లు పసుపు పూసినట్టున్నాయి. మొదటి వారం ఆకుపసరుతో గడిపి, ఆలస్యంగా తెచ్చారు. నన్ను గుర్తుపట్టింది. "మిషిని చార్జింగు పెట్టించు సారూ. మాసన్న మామ ఇంటికి ఎవరన్న పోవాలె. పరేషాన్ గాకు, నేను జల్దిన వస్త" అన్నది. నేను పరేషాన్ కాలేదు. కామెర్లు ఎంతమందికి రాలేదు, తగ్గలేదు? పండ్లు అక్కడ పెట్టి, నాగర్‌కర్నూల్‌లోనే తెలిసినవాళ్ల ఇంట్లో రాత్రి గడిపి, పొద్దున్నే బస్సెక్కాను.

మణెమ్మ మొదట తన వేలు పెట్టి తెరిస్తేనే ఆ మిషన్ ఇతరుల వేళ్లు చదువుతుంది. ఆమెతోపాటే అదీ మూగబోయింది. కొత్త మనిషి కుదిరేదాకా ఈ ఒక్క నెలకు పాత పద్ధతిలో చేతికే ఇవ్వమని ఆదేశం వచ్చింది. మూడేళ్ల తర్వాత నా కుర్చీ, బల్ల మళ్లీ వరండాలోకి వచ్చాయి. సిరా ప్యాడ్ ఎండిపోతే తెలకపల్లిలో కొత్తది కొన్నాను. పొద్దున ఎనిమిదింటికే వెళ్లాను. వాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. చిత్రమేమంటే, ఒక్కరూ నాకు బొటనవేలు ఇవ్వలేదు. బాలమ్మ ఉంగరపు వేలు చాచింది. నర్సమ్మ చూపుడువేలు కొంచెం పక్కకు వంచి చాచింది. ఏ వేలైనా ఒకటే అని చెప్పబోయి మానుకున్నాను. వాళ్లు చాచిన వేలినే అద్ది పంపాను.

పాత అలవాటు కొద్దీ రిజిస్టరు చూస్తూ పేరు తర్వాత పేరు పిలుస్తున్నాను. "మణెమ్మ, భర్త కుర్మయ్య" అని గట్టిగా పిలిచాక గాని నేనేం చదివానో నాకు తెలియలేదు. కలం కింద పెట్టాను. దుఃఖం వచ్చింది. ఉద్యోగంలో చేరిన తర్వాత నేను పదిమందిలో ఏడ్వడం అదే మొదలు.

ఇక ఆపుకోలేక లేచి నిలబడ్డాను. "ఒక మాట చెప్పాలె. మీ వేళ్లు పడకపోవుడు మణెమ్మ తప్పు గాదు. మిషిను తప్పు గూడ గాదు. బడిల కుడిచెయ్యే పెట్టుమని చెప్పింది నేను. మీరు ఆమెను తిడుతుంటే నేను ఇనుకుంట ఊకున్న" అన్నాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. కొందరు తలలు దించుకున్నారు. ఈదమ్మ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది.

"గది మాకెర్కనే గద సారూ. మా చెవులతోనే ఇంటిమి, ఏడికి పోతది?" అన్నది. "మొదటి నెలనే ఆడోళ్లమందరం నిన్ను అడుగుదమని లేసినం. మణెమ్మనే కాళ్లకడ్డం బడ్డది. 'తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి, నేను మీ ఇంటిదాన్ని, పడి ఉంట. సారును అంటే మనసిరిగి బదిలీ జేయించుకొని పోతడు. లంచం దినని సారు మళ్ల దొర్కుతడా మనకు?' అన్నది. అందుకే మా కోపమంత దాని మీదనే దీర్సుకున్నం."

నేను బల్ల పట్టుకున్నాను.

"పిలువు సారూ, ఎనకోళ్లను. ఎండ ముదురుతుంది" అన్నది ఈదమ్మ.

పిలిచాను. మిగిలిన వాళ్లందరికీ ఇచ్చి పంపాను. ఆ నెల తొలగింపు జాబితాలో మణెమ్మ పేరుకు ఎదురుగా కారణం అనే గడి ఒకటి ఉంటుంది. అందులో 'మరణం' అని రాయాలి. ఇన్నేళ్లలో ఆ మాట ఎందరి పేర్లకు ఎదురుగానో అలవోకగా రాశాను. ఆమె గడి ఖాళీగా పంపాను. మండలాఫీసువారు పూర్తి చేయమని తిప్పి పంపారు. రేపు రాస్తాను. వచ్చే నెల కొత్త మనిషి వచ్చి, తన వేలితో మిషన్ తెరుస్తుంది. పింఛన్లు ఆగవు, ఆగకూడదు కూడా. కాని నాగర్‌కర్నూల్‌లో ఆ ఉద్యోగి ఎదుట ఆమె నా వైపు ఒక్కసారీ చూడకుండా ఎందుకు జవాబు చెప్పిందో నాకు ఇప్పుడు తెలుసు. నా తప్పు మొత్తం తెలిసి, దాన్ని తన మీద వేసుకొని, మూడేళ్లు నాకు చాయ్ పోసిన మనిషి ఆమె. ఆమెకు నేను ఒక్క మాట చెప్పుకోవాల్సి ఉండింది. బస్సులో చెప్పలేదు, దవాఖానలో చెప్పలేదు. ఇప్పుడు ఈ కాగితం మీద, ఆమె చదవలేని చోట, రెండు చేతులూ జోడించి చెప్పుకుంటున్నాను.